పిలిచేదాకా

కర్టెన్ల దుకాణం,
మంగళవారం మధ్యాహ్నం

బుద్ధావతారమైన మా తమ్ముడికి,

నీతో ఫోన్లో మాట్లాడి మాట్లాడి నాకు విసుగొచ్చింది. నేను ఏమడిగినా "ఊఁ" అంటావు, ఇంకోటి అడిగేలోపు "సరే అక్కా, ఉంటాను" అంటావు. కాగితం మీదైతే పేజీ నింపాలన్న మొహమాటమైనా ఉంటుందని ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి.

నాన్న బాగున్నారు. పొద్దున్నే నాతోపాటు దుకాణానికి వచ్చి గుమ్మం పక్కన కూర్చుంటారు. నా దగ్గర కుట్టే అమ్మాయిలు ఆయన రాగానే లేచి నిలబడుతున్నారు. ఇన్నేళ్లుగా జీతాలిస్తున్నాను, నన్ను చూసి ఒక్కతీ నిలబడిన పాపాన పోలేదు. లెక్కల మాస్టారుగా రిటైరై ఇంతకాలమైనా ఆ చూపు మాత్రం రిటైరు కాలేదు.

అసలు సంగతికి వస్తాను. మొన్న హోటల్ గదులకి కర్టెన్లు కొలవడానికి వెళితే, అక్కడ లిఫ్టు బాగుచేస్తున్నవాడు మీ కంపెనీ మనిషే, ఈ ఊరి శాఖవాడు. మాటల్లో చెప్పాడు. వచ్చే ఏడాది నుంచి మెకానిక్కులందర్నీ కాంట్రాక్టులోకి తోసేస్తారట కదా. పనున్ననాడు జీతం, లేనినాడు లేదు. శాఖకి ఒక సూపర్వైజరు మాత్రం పర్మనెంటుగా ఉంటాడట. ఇంత పెద్ద విషయం నేను పరాయివాడి నోట వినాలా? నువ్వు ఇల్లు కొని ఏడాదైనా కాలేదు. బ్యాంకువాడికి వాయిదా ప్రతి నెలా కావాలి గానీ, నీకు పనున్న నెలలో కాదు. నీ సంగతేమిటో దాచకుండా రాయి.

అక్క


లిఫ్టు మోటారు గది, మేడ పైన,
శుక్రవారం

అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మోటారు చప్పుడు ఎక్కువ, పలకరించేవాళ్లు తక్కువ. ఉత్తరం రాయడానికి మంచి చోటే. భోజనాల వేళ కూర్చుని రాస్తున్నాను.

నువ్వు విన్నది నిజమే. నోటీసు పెట్టారు. సూపర్వైజరు పని కావలసినవాళ్లు నెలాఖరులోగా మేనేజరుగారిని కలిసి చెప్పాలని ఉంది. కంగారుపడకు. ఆయనకి నా పని తెలుసు. ఈ ఊళ్లో పాత లిఫ్టులన్నీ నా చేతి మీదుగానే నడుస్తున్నాయి. నేను చూసిన లిఫ్టు జారిందన్న మాట ఇంతవరకూ రాలేదు. నేను బ్రేకు బిగించి వదిలెయ్యను, బిగించాక విప్పి మళ్లీ బిగిస్తాను. కుర్రాళ్లు నవ్వుతారు. వచ్చిన జవాబుని వెనక్కి నడిపించి సరిచూడమని నాన్న మనచేత చేయించేవారు కదా, అదే ఇది. ఆ అలవాటే ఇన్నాళ్లూ నాకు అన్నం పెట్టింది.

పెద్దవాళ్లకి కళ్లుంటాయి అక్కా. పిలుస్తారు. పిలిచినప్పుడు వెళతాను. మనంతట మనం వెళ్లి నేనింత వాణ్ణి అని చెప్పుకుంటే ఏం బాగుంటుంది?

ఈ నోటీసు గురించి మీ మరదలికి చెప్పలేదు. మందుల షాపులో పొద్దంతా నిలబడి అలిసిపోయి వస్తుంది, తనకెందుకు ఈ బెంగ. నువ్వూ చెప్పకు.

తమ్ముడు


కటింగు బల్ల మీద నుంచి,
సోమవారం

ఒరే మహానుభావా,

పిలుస్తారట, పిలుస్తారు! నువ్వేమన్నా పెళ్లికొడుకువా, బండి పంపి పిలవడానికి? కావలసినవాళ్లు వచ్చి చెప్పాలని నోటీసులో అంత స్పష్టంగా రాసిపెడితే, దాన్ని చదివి కూడా పిలుస్తారని కూర్చున్నవాడివి ప్రపంచంలో నువ్వొక్కడివే.

ఇది ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. నాన్న క్లాసులో చెయ్యెత్తడం నేరం. "తెలిసినవాణ్ణి మొహం చూసి నేనే కనిపెడతాను, మీ చేతులు మీ దగ్గరే ఉంచుకోండి" అనేవారు. నిజంగానే కనిపెట్టేవారు, ఆ మాట ఒప్పుకోవాలి. వెనక బెంచీలో కూర్చుని నువ్వు మనసులో లెక్క తేల్చెయ్యగానే నిన్నే లేపేవారు. నేను నోరాగక జవాబు అరిచేసి, వరండాలో నిలబడేదాన్ని. నేను నేర్చుకున్న లెక్కల్లో సగం కిటికీ అవతల నుంచి నేర్చుకున్నవే.

ఇంట్లో మాత్రం వేరేనా? కంచం ముందు ఇంకాస్త కావాలని అడగకూడదు. ఆయనే చూసి, "వాడికి వడ్డించు" అని అమ్మకి చెప్పేవారు. నువ్వు తలొంచుకుని కూర్చునేవాడివి, నీకు అన్నీ వచ్చేవి. నేను అడిగి తిట్లూ తినేదాన్ని, అన్నమూ తినేదాన్ని. అప్పట్లో నీ మీద ఎంత కుళ్లుకునేదాన్నో నీకు తెలీదు.

కానీ మీ మేనేజరు మన నాన్న కాదురా. నీ మొహంలోకి చూసి నీ మనసులో ఏముందో కనిపెట్టే తీరిక ఆయనకెక్కడిది? ఈ హోటల్ పని నాకెలా వచ్చిందనుకున్నావు? ఓనరు కారు దిగుతుంటే ఎదురెళ్లి, "మీ కర్టెన్లు వెలిసిపోయాయి సార్, కొత్తవి నేను కుడతాను" అన్నాను. మొదట మొహం చిట్లించాడు, తర్వాత కొలతలు తీసుకోమన్నాడు.

రేపే వెళ్లు. తలుపు కొట్టు. "ఆ పని నాకు కావాలి" అను. ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఆయన చూసుకుంటాడు. నీ జుట్టు పట్టుకుని లాక్కెళ్లే దూరంలో లేనందుకు బాధగా ఉంది.

అక్క


మోటారు గది,
గురువారం

అక్కకి,

నువ్వు చెప్పావని వెళ్లాను. తలుపు తీసే ఉంది. ఆయన ఫోన్లో మాట్లాడుతున్నారు. నన్ను చూసి, ఏం కావాలి అన్నట్టు చెయ్యి ఊపారు. నా నోట "సామాన్ల గది తాళంచెవి సార్" అని వచ్చింది. ఇచ్చారు. సామాన్ల గదిలోకి వెళ్లి కాసేపు నిలబడి, తాళం వేసి, చెవి తిరిగిచ్చేసి వచ్చాను.

నవ్వకు.

పని ఎక్కువగా ఉంది. తర్వాత రాస్తాను. నాన్నకి నమస్కారాలు.

తమ్ముడు


కర్టెన్ల దుకాణం,
బుధవారం

తమ్ముడూ,

తాళంచెవి సంగతి చదివి నవ్వాను, అబద్ధం ఎందుకు. కుట్టే అమ్మాయిలు ఏమైంది మేడమ్ అంటే చెప్పలేక ఇంకా నవ్వాను. నిన్న సాయంత్రం ఆ నవ్వు పోయింది.

మరదలు ఫోన్ చేసింది. నువ్వు వెంట తిప్పుకుని, స్క్రూడ్రైవరు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పిన ఆ ఉంగరాల జుట్టు కుర్రాడికి ఆ పని ఇచ్చేశారటగా. వాళ్ల అమ్మ మందుల కోసం షాపుకి వచ్చి, మా వాడు సూపర్వైజరు అయ్యాడమ్మా, అంతా మీ ఆయన చలవే అని మరదలి చేతులు పట్టుకుందట. అప్పటిదాకా ఆ పిల్లకి నోటీసు సంగతే తెలీదు. నన్ను ఒకటే అడిగింది. "వదినా, ఈ మాట ఆయన నాకెందుకు చెప్పలేదు?" ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేదాన్ని. ఏడవలేదు.

నిన్ను కడిగెయ్యాలని కాగితం తీశాను. తీరా కూర్చున్నాక తిట్లు రావట్లేదు. నేను మాత్రం ఏం ఒరగబెట్టాను? నాకు అడగడం వచ్చు, నిలవడం రాదు. ఎవరు కాస్త గొంతు పెంచినా నాకు నాన్న గొంతే వినిపిస్తుంది. అంతే, కత్తెర బల్ల మీద పడేసి వచ్చేస్తాను. అలా వదిలేసిన ఉద్యోగాల్లో ఏ ఒక్కదాన్ని పట్టుకుని ఉన్నా ఈపాటికి నా పేరున ఏదో ఒకటి ఉండేది. ఈ దుకాణం పండగో పబ్బమో అన్నట్టు ఒక నెల వెలుగుతుంది, ఒక నెల ఈగలు తోలుకుంటుంది. నీ పర్మనెంటు ఉద్యోగం చూసుకుని, నాకేమైనా అయితే వాడున్నాడులే అని గుండె మీద చెయ్యేసుకుని పడుకునేదాన్ని. అదీ నా స్వార్థం.

నాన్న గమనించారు. ఏమైందే అలా ఉన్నావు అన్నారు. తలనొప్పి అన్నాను. నమ్మలేదు.

నువ్వు ముందు మరదలితో మాట్లాడు. తర్వాత నాకు రాయి. ఒక్క ముక్కైనా రాయి.

అక్క


ఇంటి నుంచి,
ఆదివారం

అక్కా,

మీ మరదలికి అంతా చెప్పాను. విని, పొయ్యి కట్టేసి వచ్చి పక్కన కూర్చుంది. "నేను షాపులో ఇంకో పూట పని చేస్తాను, అది సమస్య కాదు. నువ్వు నాతో మాట్లాడకపోవడం సమస్య" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఉంగరాల జుట్టువాడి మీద నాకు కోపం లేదు. అందరికీ టీలు తెప్పించి, నన్ను పక్కకి తీసుకెళ్లి, "అన్నా, మీకు అక్కర్లేదేమో అనుకున్నాను. మీరు వెళ్లి ఉంటే నేను గడప తొక్కేవాణ్ణి కాదు" అన్నాడు. నిజమే చెప్పాడు. వాడు మంచివాడు. పని మాత్రం ఇంకా పూర్తిగా రాదు, రేపటి నుంచి నేను చేసింది వాడు సరిచూసి సంతకం పెడతాడు.

కోపం నాన్న మీద వస్తోంది. ఈ వయసులో మొదటిసారి వస్తోంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియట్లేదు. నిన్న బ్రేకు బిగిస్తూ ఆయనతో మనసులోనే పోట్లాడాను. తప్పు చెయ్యకుండా ఉండడం నేర్పారు, టైముకి లేవడం నేర్పారు, రూపాయి దాచడం నేర్పారు. నాకు ఇది కావాలి అని ఇంకో మనిషితో చెప్పడం ఎందుకు నేర్పలేదు? నేను మంచి పిల్లాణ్ణి అనిపించుకున్నంత కాలం ఎవరో ఒకరు నన్ను చూస్తూనే ఉంటారని నమ్మాను అక్కా. ఇన్నేళ్లు నమ్మాను. ఎవరూ చూడట్లేదు.

ఏడాది చివర కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. అప్పటిదాకా జీతానికి ఢోకా లేదు. తర్వాత ఈ ఇల్లు నిలబెట్టుకోగలమో లేదో చెప్పలేను.

ఇదేదీ నాన్నకి చెప్పొద్దు. ఒట్టు.

తమ్ముడు


కర్టెన్ల దుకాణం,
శనివారం, పొద్దున్నే

తమ్ముడూ,

ఈ ఉత్తరం పోస్టులో రావట్లేదు, నాన్నే తెస్తున్నారు. కవరు అంటించాను కాబట్టి చదవరు. చదివినా కొత్తదేమీ లేదు, ఎందుకంటే చెప్పొద్దన్నావు గానీ నేను చెప్పేశాను.

చెప్పాలని చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర, "వాడికి ఆ ఉద్యోగంలో ఇంకా పెద్ద పని ఇచ్చి ఉండాలే ఈపాటికి" అన్నారు, అదేదో రేపు తెల్లారుతుందన్నంత ధీమాగా. నాకు నోరు ఆగలేదు. "ఇవ్వరు నాన్నా, వాడు అడగడు, మీరే అడగొద్దన్నారు" అని మొత్తం కక్కేశాను. నా పద్ధతి నీకు తెలుసుగా.

ఆయన కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నారు. నా మీద అరిచి ఉంటే బాగుండేది. పొద్దున చూస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని సంచీ సర్దుకుని ఉన్నారు. వాడి కొత్తిల్లు చూసొస్తాను అన్నారు. ఇల్లు చూడడానికి చేతి గడియారం, కళ్లజోడు పెట్టె, పాత హెడ్మాస్టరు రాసిచ్చిన మెచ్చుకోలు కాగితం ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే బస్సు పోతుందన్నారు.

మందులు సంచీ పక్క జేబులో ఉన్నాయి. పొద్దున ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. ఆయన మీద నీకు కోపముంటే ఉండనీ, కానీ ముందు అన్నం పెట్టు.

అక్క


ఇంటి నుంచి,
మంగళవారం

అక్కా,

నాన్న ఇంటికి రాలేదు. బస్సు దిగి తిన్నగా మా ఆఫీసుకి వెళ్లారు.

నేను ఆ రోజు ఊరి చివర ఆసుపత్రి లిఫ్టు మీద ఉన్నాను. సాయంత్రం పనిముట్లు అప్పజెప్పడానికి ఆఫీసుకి వెళితే, గుమ్మంలో బెంచీ మీద నాన్న కూర్చుని ఉన్నారు. ఒళ్లో సంచీ, సంచీ మీద రెండు చేతులూ. వీపు బెంచీకి ఆనించలేదు. ఎప్పుడొచ్చారు నాన్నా అంటే, "పొద్దుననగా వచ్చానురా. మీ మేనేజరుతో మాట్లాడదామని" అన్నారు. మరి మాట్లాడారా అన్నాను.

"ఎవరూ పిలవలేదురా. ఎవరైనా అడుగుతారేమోనని కూర్చున్నాను."

ముందు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి కంగారుగా లేచింది. పెద్దాయన ఎవరి కోసమో చూస్తున్నారనుకున్నానండీ, నన్ను ఏమీ అడగలేదు, మంచినీళ్లిస్తే తాగారు అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన ముందు నుంచి మేనేజరుగారు ఎన్నిసార్లు వెళ్లుంటారో, ఎన్నిసార్లు వచ్చుంటారో. నా కోసం అడగడానికి అంత దూరం వచ్చి, అడగడం చేతకాక కూర్చుండిపోయారు.

అక్కా, నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలీదు. ఆయన చెయ్యి పట్టుకుని లేపి, తలుపు కొట్టకుండానే లోపలికి తీసుకెళ్లాను.

"సార్, మా నాన్న. మీతో మాట్లాడాలని పొద్దున్నుంచీ బయట కూర్చున్నారు. మీరు పిలవలేదు కాబట్టి ఆయన రాలేదు. నేనూ అలాంటివాణ్ణే సార్. ఆ రోజు నేను తాళంచెవి కోసం రాలేదు. సూపర్వైజరు పని కావాలని అడగడానికి వచ్చాను."

ఇంత మాట్లాడింది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. మేనేజరుగారు లేచి ముందు నాన్నకి కుర్చీ జరిపారు. నువ్వు పైన పని వదిలి కుర్చీలో కూర్చోవడానికి ఇష్టపడవని అనుకున్నామయ్యా, ఒక్క మాట చెప్పి ఉండాల్సింది అన్నారు. ఇచ్చిన పని వెనక్కి తీసుకోలేనన్నారు. వెనక్కి తీసుకోవద్దు, వాడు నా శిష్యుడే అన్నాను. "కానీ నన్ను కాంట్రాక్టులో వెయ్యకండి. పాత లిఫ్టులు తనిఖీ చెయ్యడానికి ఈ శాఖలో ఒక పర్మనెంటు మనిషి కావాలి. ఆ మనిషి నేనే" అన్నాను. అది ముందే అనుకున్న మాట కాదు, అక్కడికక్కడే వచ్చింది. ఆయన హెడ్డాఫీసుకి రాస్తాను గానీ మాట ఇవ్వలేనన్నారు.

నాన్న తెచ్చుకున్న కాగితం సంచీలోంచి తియ్యనే లేదు.

ఇంటికి నడిచి వస్తుంటే ఆయనతో పోట్లాడదామనే ఉంది. మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. వీధి మలుపు దగ్గర ఆయనే ఆగారు.

"నేను అందర్నీ చూసేవాణ్ణిరా. వెనక బెంచీ దాకా చూసేవాణ్ణి. బయటివాళ్లూ అలాగే చూస్తారనుకున్నాను" అన్నారు.

నేనూ అలాగే అనుకున్నాను నాన్నా అన్నాను. సిద్ధంగా ఉన్న మాటలు ఎటు పోయాయో పోయాయి. మీ మరదలు గుమ్మంలోనే ఎదురొచ్చి సంచీ అందుకుంది. నువ్వు చెప్పినట్టు ముందు అన్నం పెట్టాం.

తమ్ముడు


కర్టెన్ల దుకాణం,
శుక్రవారం

మా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం కటింగు బల్ల మీద పెట్టుకుని ఏడ్చాను. హోటల్ వాళ్ల గుడ్డ మీద ఒక మరక కూడా పడింది, అది మడతలోకి పోయేట్టు కుడతాలే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నారా! నేనైతే ఆ మేనేజరు బల్ల మీద ఎక్కి కూర్చునేదాన్ని.

ఇన్నాళ్లూ ఆయనకి అడగడం ఇష్టం లేదనుకున్నాను. చేతకాదని నాకు తట్టనే లేదు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి కూడా.

హెడ్డాఫీసు వాళ్ల సంగతి తేలేదాకా వదలకు. వెళుతూనే ఉండు. విసుక్కున్నా వెళ్లు. ఇంకో సంగతి. నాన్న లేక దుకాణం బోసిపోయింది. గుమ్మం పక్కన ఆ కుర్చీ చూస్తే పని చెయ్యబుద్ధి కావట్లేదు. అమ్మాయిలు కూడా మాస్టారెప్పుడొస్తారు అంటున్నారు. కొత్తిల్లు చూడడం అయిపోయి ఉంటుందిగా, వచ్చే ఆదివారం బస్సెక్కించెయ్యి.

అక్క


ఇంటి నుంచి,
గురువారం

అక్కా,

నువ్వన్నట్టే మళ్లీ వెళ్లాను. జవాబు రాలేదన్నారు. మరో నాలుగు రోజులాగి మళ్లీ వెళ్లాను. ఈసారి నన్ను చూడగానే మేనేజరుగారు, వచ్చిందయ్యా, ఊపిరి పీల్చుకో అన్నారు. పాత లిఫ్టుల తనిఖీ పని నాకిచ్చారు. పర్మనెంటే. సూపర్వైజరుకి వచ్చేంత జీతం రాదు, హోదా కూడా లేదు. వాయిదా కట్టుకోవచ్చు, ఇల్లు నిలుస్తుంది. మీ మరదలు ఆ కాగితం చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివింది. రెండో పూట పని మానెయ్యమన్నాను, వచ్చే నెల చూద్దాంలే అంది. నీకేమైనా అయితే నేనున్నానన్నది ఇప్పుడూ ఉంది, గుండె మీద చెయ్యేసుకుని పడుకో.

ఆదివారం నాన్నని బస్సెక్కించమన్నావు. టిక్కెట్టు తీసుకోలేదు. ఆయన పొద్దున నాతోపాటు లేస్తున్నారు. నేను టీ తాగేదాకా కూర్చుని, ఇవాళ ఏ లిఫ్టు, అందులో ఏం చూస్తావు అని అడుగుతున్నారు. నాకు లెక్కలు చెప్పిన మనిషి, నేను చెప్పింది వింటున్నారు. మధ్యలో అర్థం కాకపోతే ఆపి అడుగుతున్నారు కూడా. చిన్నప్పుడు మన ఇంట్లో ఇంత మాట్లాడుకున్నట్టు నాకు గుర్తు లేదు.

నీ దుకాణం బోసిపోయిందని తెలుసు. ఆయన మీద నీకున్న హక్కు నాకన్నా ఎక్కువ, అన్నీ చూసుకున్నది నువ్వు. ఉంటారా అని నేనడిగితే నాన్న, "మీ అక్క ఎలా అంటే అలా" అంటున్నారు. ఉండాలనుందో లేదో నోరు తెరిచి చెప్పరు. అందుకని నేనే అడుగుతున్నాను. ఈ ఏడాదికి నాన్నని నా దగ్గర ఉండనివ్వు అక్కా. నాకు కావాలి.

తమ్ముడు